గరగరలాడే వాల్యూమ్ కంట్రోళ్లు, వదులైన నాబ్‌లు: ఆంప్లిఫయర్లు, మిక్సర్లు వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వాల్యూమ్ తిప్పినప్పుడల్లా స్పీకర్లో గరగరమని వస్తోంది. ఆంప్లిఫయర్ పోయినట్టేనా?

కాదు. తిప్పుతున్నంతసేపే శబ్దం వచ్చి, చెయ్యి తీయగానే పాట మామూలుగా వినిపిస్తుంటే, లోపం దాదాపు ఎప్పుడూ నాబ్ వెనక ఉన్న పొటెన్షియోమీటర్‌లోనే ఉంటుంది. మన బజారులో దీన్నే వాల్యూమ్ కంట్రోల్ అని అడిగి కొంటారు. పదుల రూపాయల్లో దొరికే ఈ భాగం కోసం నిక్షేపంలాంటి ఆంప్లిఫయర్‌ను పాత సామాను వాళ్లకు వేసేవాళ్లున్నారు. అది చాలా అన్యాయం. ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, ఫిల్టర్ కెపాసిటర్లు బాగున్న సెట్టు ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేస్తుంది.

అసలు ఆ కంట్రోల్ లోపల ఏముంటుంది? ఎందుకు అరుగుతుంది?

సాధారణమైన కంట్రోల్‌ను వెనకనుంచి చూస్తే రేకు డబ్బా, దాన్ని పట్టి ఉంచే నాలుగు చిన్న రేకు చెవులు, కిందికి మూడు కాళ్లు కనిపిస్తాయి. పనికిరాని పాత కంట్రోల్ ఒకటి దొరికితే ఆ చెవులను సన్నని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి ఒకసారి విప్పి చూడండి. గోధుమరంగు అట్టలాంటి పలక మీద గుర్రపు నాడా ఆకారంలో నల్లని కార్బన్ పూత ఉంటుంది. ఆ పూత రెండు కొనలూ అటు, ఇటు కాళ్లకు కలుస్తాయి. మధ్య కాలు వైపర్‌ది. షాఫ్ట్, అంటే నాబ్ ఎక్కే కడ్డీ, తిరిగినప్పుడు సన్నని లోహపు వేళ్ల వంటి ఈ వైపర్ కార్బన్ మీద రాసుకుంటూ జరుగుతుంది. చాలా ఏళ్లు వాడిన కంట్రోల్‌లో ఆ వేళ్లు నడిచిన దారి మిగతా పూతకన్నా నున్నగా మెరుస్తుంది. అక్కడ రాలిన నల్లటి పొడి పక్కకు, చివరలకు చేరి ఉంటుంది.

వైపర్‌కూ కార్బన్‌కూ మధ్య స్పర్శ క్షణకాలం తెగి మళ్లీ కలిసినప్పుడల్లా సిగ్నల్ ఎగిరిపడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కు ఇస్తుంది. మనకు వినిపించే గరగర అదే. దీనికి కారణాలు మూడు. మొదటిది దుమ్ము, అగరుబత్తి పొగ, వంటింటి నూనె ఆవిరి వంటి మురికి. రెండవది వైపర్ లోహం మీద పట్టే చిలుము. మూడవది నిజమైన అరుగుదల. మొదటి రెండూ శుభ్రం చేస్తే పోతాయి. మూడవది పోదు, ఎందుకంటే ఊడిపోయిన కార్బన్‌ను ఏ స్ప్రే కూడా తిరిగి తేలేదు. మామూలు కార్బన్ కంట్రోళ్లకు తయారీదారులు చెప్పే ఆయుష్షు పది, పదిహేను వేల తిప్పుళ్లు. ఇంట్లో వాడే సెట్టుకు అది చాలా ఎక్కువే కనుక, ఇళ్లలోని సెట్లలో అరుగుదల కన్నా మురికే ముందు వస్తుంది. రోజూ ఫంక్షన్లకు తిరిగే సౌండ్ సిస్టమ్ వారి మిక్సర్లలో మాత్రం అరుగుదల నిజంగానే కనిపిస్తుంది.

సెట్టు విప్పకుండా, శబ్దం విని ఏ లోపమో పసిగట్టవచ్చా?

చాలావరకు వీలవుతుంది. స్ప్రే డబ్బా చేతికి తీసుకునే ముందు ఈ పని తప్పకుండా చేయాలని నా అభిప్రాయం. తొందరపడి స్ప్రే కొట్టినవారికి ఆ తరువాత అసలు లోపం ఏమిటో తెలుసుకునే ఆధారమే మిగలదు.

పాట తక్కువగా పెట్టి నాబ్‌ను ఒక చివరనుంచి మరో చివరకు మెల్లగా తిప్పండి. తిరిగినంత మేరా సన్నగా గరగరమంటుంటే అది మురికి. అంతటా బాగుండి ఒక్కచోట మాత్రమే, ప్రతిసారీ అదే చోట, టప్‌మని శబ్దం వచ్చినా, మాట తెగిపోయినా అక్కడ కార్బన్ అరిగింది. రోజూ అడుగు పడే గడప మధ్యలో అరిగినట్టు, ఇంటిల్లిపాదీ వినే ఒకే వాల్యూమ్ దగ్గర పూత అరగడం సహజం. పాట ఆపేసి ఏ సిగ్నలూ లేకుండా తిప్పినా గరగర అంతే గట్టిగా వస్తుంటే, కంట్రోల్ మీదికి డీసీ వోల్టేజి చేరుతోందని అనుమానించాలి. దాని సంగతి కింద వివరంగా ఉంది. నాబ్‌ను తిప్పకుండా పక్కకు కొద్దిగా నొక్కితేనే శబ్దం తెగుతూ వస్తూ ఉంటే కాళ్ల దగ్గర టంకం పగిలి ఉంటుంది. ఏదీ ముట్టుకోకపోయినా చిటపటలు ఆగకపోతే లోపం కంట్రోల్‌ది కాదు. ట్రాన్సిస్టరో, ఐసీయో, వదులైన కనెక్టరో చూసుకోవాలి.

బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్, వాల్యూమ్ నాబ్‌లను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. ఒక్కటే గరగరలాడితే లోపం దానిలో ఉంది. అన్నీ ఒకేలా గరగరలాడితే, పెట్టె చాలాకాలం దుమ్ములోనో తేమలోనో ఉందన్నమాట. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో, ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, ఈ రెండవ పరిస్థితి సాధారణం.

స్ప్రే లేకుండా కుదిరే చిట్కా ఏదైనా ఉందా?

ఉంది. కరెంటు తీసేసి నాబ్‌ను ఈ కొసనుంచి ఆ కొసకు ఇరవై, ముప్పైసార్లు తిప్పండి. చిలుము పలచగా ఉంటే ఆ రాపిడికే పోతుంది. ఏడాదిగా ముట్టుకోని బ్యాలెన్స్ కంట్రోళ్లు చాలాసార్లు ఇంతమాత్రానికే బాగుపడతాయి. ఖర్చు లేని పని కనుక దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

మూత విప్పే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్లగ్గును గోడ సాకెట్‌నుంచి పూర్తిగా లాగేయండి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే చాలా సెట్లలో స్విచ్ వరకు 230 వోల్టులు ఉండనే ఉంటాయి. ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి తగ్గడానికి కొంతసేపు ఆగి, ఆపైన మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టి కొలవండి. ఇంకా వోల్టేజి ఉంటే ఐదు వాట్ల, ఒక కిలో ఓమ్ రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న శ్రావణంతో పట్టుకుని కెపాసిటర్ రెండు కొనలకూ కాసేపు ఆనించండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి మెరుపు రప్పించే అలవాటు కెపాసిటర్‌కూ మంచిది కాదు, కళ్లకూ మంచిది కాదు.

విప్పేముందు నాబ్‌లు, వైర్లు, కనెక్టర్లు ఉన్న తీరును ఫోన్‌లో రెండుమూడు కోణాలనుంచి ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఈ ఫొటోలే చాలా శ్రమ తప్పిస్తాయి.

ఏ స్ప్రే వాడాలి? ఎలా కొట్టాలి?

ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. మన మెకానిక్‌ల దగ్గర ఎక్కువగా కనిపించేది సీఆర్‌సీ 2-26. డీఆక్సిట్ పేరుతో దొరికేవి ఖరీదెక్కువ. కానీ వాటిలో చిలుము తీసేది, ఫేడర్ల (మిక్సర్లలో పైకి కిందికి జరిపే కంట్రోళ్ల) కోసం కందెన కలిపినది వేరువేరుగా ఉంటాయి. ఏదైనా సరే, ప్లాస్టిక్‌కు హాని చేయదని డబ్బా మీద ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

స్ప్రే ఎంత కొట్టామన్నదానికన్నా ఎక్కడ కొట్టామన్నది ముఖ్యం. ముందువైపు షాఫ్ట్ సందులోంచి కొడితే ద్రవం కార్బన్ దాకా పోదు. పైగా షాఫ్ట్ చుట్టూ ఉండే చిక్కటి గ్రీజును కరిగిస్తుంది. నాబ్ తిప్పేటప్పుడు మెత్తగా, బరువుగా తగిలే అనుభూతి ఆ గ్రీజు వల్లనే వస్తుంది. అది కొట్టుకుపోతే నాబ్ డొల్లగా తిరుగుతుంది. కరిగిన గ్రీజు కార్బన్ మీదికి చేరితే కొత్త తంటా మొదలవుతుంది. కంట్రోల్ వెనకవైపు, కాళ్లు బయటికి వచ్చే చోట, రేకుకూ పలకకూ మధ్య సన్నని సందు ఉంటుంది. స్ప్రేతో వచ్చే సన్నని గొట్టాన్ని అక్కడ ఆనించి అర సెకను మించకుండా ఒక్కసారి నొక్కండి. వెంటనే షాఫ్ట్‌ను అటూ ఇటూ పూర్తిగా ఇరవైసార్లు తిప్పండి. కరిగిన మురికి కారి బయటికి వచ్చేలా సెట్టును కాస్త వాల్చి, ఇంకొక్కసారి కొట్టి మళ్లీ తిప్పండి. స్టీరియో సెట్టులో ఒకే షాఫ్ట్ మీద రెండు కంట్రోళ్లు వెనకా ముందూ ఉంటాయి కనుక రెండింటికీ విడిగా కొట్టాలి. ముందున్నదాన్ని మరచిపోవడం వల్లనే “ఒక స్పీకర్ బాగుపడింది, రెండవది బాగుపడలేదు” అనే ఫిర్యాదు వస్తుంది.

తరువాత గాలి తగిలేచోట కనీసం గంటసేపు ఆరనివ్వండి. ఈ ద్రవాల ఆవిరి నిప్పు అంటుకునే రకం కావచ్చు కనుక పూర్తిగా ఆరకముందు కరెంటు ఇవ్వకూడదు. దగ్గరలో దీపం, సిగరెట్టు ఉండకూడదు.

డబ్ల్యూడీ-40, పెట్రోలు, థిన్నర్, కొబ్బరినూనె వాడవచ్చా?

వద్దు. డబ్ల్యూడీ-40 నీలం పసుపు డబ్బాలో వచ్చే మామూలు రకం తుప్పు, బిగుసుకున్న బోల్టుల కోసం చేసినది. అది వదిలే నూనె పొర మీద దుమ్ము పేరుకుంటుంది. అదే కంపెనీ కాంటాక్ట్ క్లీనర్ వేరే డబ్బాలో వస్తుంది, దాన్ని వాడవచ్చు. పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను, కార్బన్ పూతను పట్టి ఉంచే రెసిన్‌ను తినేస్తాయి. నూనె ఏదైనా కొద్దిరోజులు శబ్దాన్ని అణిచి, ఆ తరువాత జిడ్డుగా మారుతుంది. స్ప్రే దొరకని ఊళ్లో ఉంటే తొంభై తొమ్మిది శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడుకోవచ్చు. అది మురికిని తీస్తుంది కాని కందెనను మిగల్చదు. కరోనా కాలంలో మిగిలిపోయిన హ్యాండ్ శానిటైజర్‌లో నీరు, జెల్ ఉంటాయి కనుక అది పనికిరాదు.

స్ప్రే కొట్టాక బాగుపడింది, కొద్దిరోజులకే గరగర మళ్లీ మొదలైంది. ఎందుకు?

రెండు కారణాలున్నాయి. పూత అరిగిపోయి ఉంటే శుభ్రం చేసిన ఫలితం ఎక్కువకాలం నిలవదు. కంట్రోల్ మార్చాలి. రెండవ కారణం చాలామందికి తట్టదు. కంట్రోల్ మార్చినా గరగర పోకపోవడం దాని వల్లనే.

వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు సాధారణంగా ఒక కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. పాటను పోనిచ్చి డీసీని ఆపడమే దాని పని. ఎలక్ట్రోలైటిక్ రకమైతే వయసు పెరిగిన కొద్దీ అది డీసీని కొద్దికొద్దిగా లీక్ చేస్తుంది. కార్బన్ మీద డీసీ నిలబడినప్పుడు వైపర్ జరిగిన ప్రతి చిన్న కదలికా వోల్టేజి మార్పై, గరగరగా వినిపిస్తుంది. ఇక్కడ కంట్రోల్ తప్పేమీ లేదు. కొత్తది వేసినా అలాగే అరుస్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే సెట్టు ఆన్‌లో ఉండగా కొలవాలి కనుక, కరెంటు ఉన్న వైర్ల మధ్య పని చేయడం అలవాటున్నవారే చేయాలి. మల్టీమీటర్ నల్ల మొనను ఛాసిస్ గ్రౌండ్‌కు, అంటే సెట్టు లోహపు చట్రానికి, క్లిప్‌తో తగిలించి, ఒక చేతిని జేబులో పెట్టుకుని, ఎర్ర మొనను కంట్రోల్ బయటి కాలికి, మధ్య కాలికి ఆనించండి. డీసీ రీడింగు దాదాపు సున్నా ఉండాలి. వందల మిల్లీవోల్టులు, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఆ కాలికి ముందున్న కెపాసిటర్‌ను మార్చండి. మైక్రోఫారడ్ల విలువ అదే ఉండాలి. వోల్టేజి రేటింగు అంతే లేదా ఇంకాస్త ఎక్కువ ఉండవచ్చు. ప్లస్, మైనస్ దిశ తప్పకూడదు.

కంట్రోల్ పోయిందో లేదో మల్టీమీటర్‌తో ఎలా తేల్చాలి?

కరెంటు తీసి, ఓమ్ రేంజిలో పెట్టి రెండు బయటి కాళ్ల మధ్య కొలిస్తే మొత్తం విలువ రావాలి. కంట్రోల్ మీద రాసిన సంఖ్యకు ఇరవై శాతం అటూ ఇటూగా ఉన్నా తప్పు కాదు. తరువాత మధ్య కాలికీ ఒక బయటి కాలికీ మొనలు పెట్టి షాఫ్ట్‌ను మెల్లగా తిప్పండి. విలువ తడబడకుండా ఒకే దిశలో పెరగాలి లేదా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా అకస్మాత్తుగా అనంతానికి ఎగిరితే ఆ చోట స్పర్శ లేదు. ఈ ఒక్క పరీక్షకు మాత్రం ముల్లు ఉన్న పాతకాలపు మీటరే నాకు నచ్చుతుంది. డిజిటల్ మీటర్ అంకెలు మార్చే లోపలే దాటిపోయే చిన్న తెగుడును ముల్లు ఉలిక్కిపడి చూపిస్తుంది. కంట్రోల్ బోర్డులో ఉండగా కొలిస్తే చుట్టూ ఉన్న భాగాల వల్ల విలువ తక్కువగా కనిపించవచ్చు. అనుమానం వస్తే కాళ్లు విప్పి కొలవండి.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా పాట ఆగడం లేదు. కారణమేమిటి?

గ్రౌండ్‌కు వెళ్లే బయటి కాలు తెగింది, లేదా దాని టంకం ఊడింది. ఆ దారి లేకపోతే సిగ్నల్ తగ్గడానికి వీలుండదు. మళ్లీ టంకం పెడితే చాలాసార్లు సరిపోతుంది. టంకం బాగానే ఉండి, ఆ కాలికీ కార్బన్‌కూ మధ్య రివిట్ వదులై ఉంటే కంట్రోల్‌ను మార్చడమే దారి.

వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు ఒక వైపు స్పీకర్ ముందే ఆగిపోతోంది. పెంచితే రెండూ సమానంగా ఉంటున్నాయి.

ఒకే షాఫ్ట్ మీద ఉన్న రెండు కార్బన్ పట్టీలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ఆ తేడా అట్టడుగున ఎక్కువగా తెలుస్తుంది. చవక కంట్రోళ్లలో ఇది పుట్టుకతో వచ్చే గుణం కనుక శుభ్రం చేసినా పోదు. ఇబ్బందిగా అనిపిస్తే, ఫోన్ లేదా టీవీ వాల్యూమ్‌ను తగ్గించి ఆంప్లిఫయర్ నాబ్‌ను ఇంకాస్త పైకి తిప్పి వాడండి.

కొత్త కంట్రోల్ కొనేటప్పుడు దుకాణదారుకు ఏమని చెప్పాలి?

పాతదాన్ని విప్పి చేతిలో పట్టుకెళ్లడం అన్నిటికన్నా ఉత్తమం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు వంటి చోట్ల నమూనా చూపిస్తే సరిపోయేది వెతికి ఇస్తారు. అయినా మీరు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది విలువ. 503 అని ఉంటే యాభై కిలో ఓమ్‌లు, 104 అంటే వంద, 103 అంటే పది. నలభై ఏడుకు బదులు యాభై వేస్తే ఏమీ కాదు. కానీ వందకు బదులు పది వేస్తే ముందున్న సర్క్యూట్ మీద భారం పడి బాస్ తగ్గవచ్చు. పదికి బదులు వంద వేస్తే ట్రెబుల్ మందగించవచ్చు, గుయ్‌మనే హమ్ పట్టవచ్చు.

రెండవది టేపర్, అంటే తిప్పిన కొద్దీ విలువ మారే తీరు. ఇప్పటి ఆసియా తయారీలో ‘ఏ’ అక్షరం ఆడియో లేదా లాగ్ రకానికి (విలువ మొదట మెల్లగా, తరువాత వేగంగా మారేది), ‘బి’ లీనియర్‌కు (అంతటా సమానంగా మారేది) గుర్తు. పాత యూరప్ కంట్రోళ్లలో దీనికి తలకిందులుగా ‘ఏ’ అంటే లీనియర్ కావచ్చు కనుక, అక్షరాన్ని నమ్మకుండా షాఫ్ట్‌ను సరిగ్గా మధ్యలో ఉంచి కొలవండి. మధ్య కాలినుంచి రెండు వైపులా సమానంగా వస్తే లీనియర్. ఒకవైపు మొత్తంలో పది, ఇరవై శాతమే ఉంటే లాగ్.

మూడవది షాఫ్ట్. ఆరు మిల్లీమీటర్ల గుండ్రటిది, ఒకవైపు చెక్కిన డి ఆకారపుది, పళ్లున్న చీలిక షాఫ్ట్ అని రకాలున్నాయి. పాత అమెరికన్ సెట్లలో పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఉంటుంది. పళ్ల షాఫ్టులలోనూ పద్దెనిమిది పళ్లవి, ఇరవైనాలుగు పళ్లవి వేరువేరు. ఒకదాని నాబ్ మరోదానికి ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే నాబ్ పగులుతుంది. నాలుగవది కాళ్ల అమరిక, వాటి మధ్య దూరం. బోర్డు మీద నేరుగా కూర్చునే రకమైతే ఇది మిల్లీమీటరు తేడా లేకుండా కుదరాలి.

కొత్తది వేశాక నాబ్ కొంచెం తిప్పగానే హోరెత్తిపోతోంది.

వాల్యూమ్ కోసం లాగ్ బదులు లీనియర్ పడింది. మన చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో గ్రహిస్తుంది. లీనియర్ కంట్రోల్ సగం తిరిగేసరికి సగం సిగ్నల్, అంటే పూర్తి వాల్యూమ్‌కు ఆరు డెసిబెల్‌లే తక్కువ ఇచ్చేస్తుంది. పది శాతపు లాగ్ కంట్రోల్ అదే చోట ఇరవై డెసిబెల్‌లు తక్కువగా ఇస్తుంది. అందుకే దానితో వాల్యూమ్ మెల్లగా, మనసుకు తగినట్టు పెరుగుతుంది. బాస్, ట్రెబుల్ విషయం వేరు. 1952లో పీటర్ బాక్సండాల్ ప్రచురించిన టోన్ సర్క్యూట్, దాన్ని అనుసరించిన అసంఖ్యాకమైన సెట్లు, లీనియర్ కంట్రోళ్లతోనే నడుస్తాయి. వాటికి లాగ్ వేస్తే మధ్య స్థానంలో ధ్వని సమంగా ఉండదు.

టంకం పెట్టేటప్పుడు బోర్డు పాడవకుండా ఎలా?

ముందుగా ప్యానెల్ నట్టు విప్పండి. లేకపోతే టంకం తీసినా కంట్రోల్ రాదు, లాగినకొద్దీ బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. పాత టంకం మీద కొద్దిగా కొత్త టంకం కలిపితే అది తేలికగా కరుగుతుంది. ఆ తరువాత టంకం పీల్చే పంపుతోనో రాగి జడతోనో ఒక్కొక్క కాలునూ శుభ్రం చేయండి. ఇరవై ఐదు వాట్ల ఐరన్ చాలు. ఒక కాలి మీద మూడు, నాలుగు సెకన్లకు మించి ఉంచవద్దు. బిగించేటప్పుడు నట్టు ముందు, టంకం తరువాత. ఈ వరస తలకిందులైతే నట్టు బిగించే ఒత్తిడికి తాజా టంకం పగులుతుంది.

లోపల అంతా బాగుంది. నాబ్ మాత్రం వదులై ఊరికే తిరుగుతోంది.

చీలిక షాఫ్ట్ అయితే నాబ్ తీసి, చీలిక మధ్య సన్నని చాకు మొన పెట్టి వెంట్రుక వాసి వెడల్పు చేయండి. ఎక్కువ తెరిస్తే సగం ముక్క విరుగుతుంది. పక్కన చిన్న స్క్రూ ఉన్న నాబ్ అయితే సరిపోయే అలెన్ కీతో బిగించండి. డి షాఫ్ట్ నాబ్ అరిగి ఉంటే నల్లాలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టి ఎక్కించండి. నాబ్ మెడ పగిలితే దాని చుట్టూ గట్టి దారం బిగించి, రెండు భాగాల ఎపాక్సీ పూసి రాత్రంతా ఆరనివ్వండి. ఫెవిక్విక్ వంటి పలచటి జిగురును షాఫ్ట్ మీద అసలు వేయవద్దు. అది క్షణంలో బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం) లోపలికి పాకి కంట్రోల్‌నే బిగించేస్తుంది.

నాబ్ ఎంత లాగినా రావడం లేదు.

మొదట దాచిన స్క్రూ ఉందేమో చూడండి. కొన్నిటికి ముందు మూత కింద ఉంటుంది. లేకపోతే నాబ్ వెనక చుట్టూ ఒక గట్టి గుడ్డ పేలికను దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని తిన్నగా ముందుకు లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఒకవైపు ఎత్తితే ప్యానెల్ మీద గీత పడుతుంది, షాఫ్ట్ వంగుతుంది.

రబ్బరు పూత ఉన్న నాబ్‌లు జిగటగా మారాయి. ఏం చేయాలి?

మెత్తగా తగలడానికి వేసిన ఆ పూత చాలావరకు పాలీయురేతేన్. గాలిలోని తేమకు కాలక్రమంలో అది విడిపోయి జిగురవుతుంది. తిరిగి బాగుపడదు కనుక తీసేయడమే మేలు. నాబ్‌ను విడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో పూత పోయేదాకా రుద్దండి. కింద ఉన్న గట్టి ప్లాస్టిక్ శుభ్రంగా బయటపడుతుంది. పూత మీద ముద్రించిన అంకెలు, గీతలు కూడా పోతాయి కనుక ముందే ఫొటో తీసుకోండి.

నా సెట్టులో నాబ్‌కు చివర లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పెంచితే తగ్గుతోంది, అంకెలు ఎగిరిపడుతున్నాయి.

అది పొటెన్షియోమీటర్ కాదు, రోటరీ ఎన్‌కోడర్. కారు స్టీరియోలలో, ఇప్పటి హోమ్ థియేటర్లలో ఇదే ఉంటుంది. లోపల రెండు చిన్న స్విచ్‌లు ఒకదాని తరువాత ఒకటి మూసుకుని తెరుచుకుంటాయి. ఏది ముందు మూసుకుందో చూసి ప్రాసెసర్ దిశను తెలుసుకుంటుంది. స్పర్శలు మురికి పట్టి ఒక స్విచ్ తప్పిపోతే ప్రాసెసర్ దిశను తప్పుగా అర్థం చేసుకుంటుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కొంతకాలం నడుస్తుంది. కానీ అరిగిన ఎన్‌కోడర్‌ను మార్చడమే మేలని నా సలహా. కొనేటప్పుడు కాళ్ల అమరికతో పాటు, ఒక చుట్టుకు ఎన్ని పల్సులు, ఎన్ని క్లిక్కులు ఉన్నాయో సరిపోల్చుకోండి. లేకపోతే ఒక క్లిక్కుకు రెండు అంకెలు మారడం, రెండు క్లిక్కులకు ఒక అంకె మారడం జరుగుతుంది.

మిక్సర్ ఫేడర్లకూ ఇదే పద్ధతా?

పైకి కిందికి జరిపే ఫేడర్లకు నిలువు సందు తెరిచే ఉంటుంది కనుక దుమ్ము ఎక్కువగా దిగుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో, తరువాత గాలి బల్బుతో దుమ్ము తీయండి. మంచి మిక్సర్లలో కార్బన్ బదులు కండక్టివ్ ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దానికి ఘాటైన క్లీనర్ పడదు, ఫేడర్ల కోసమే చేసిన ద్రవం వాడాలి. పందిట్లో పని ముగిశాక మిక్సర్ మీద గుడ్డ కప్పి తీసుకెళ్లే అలవాటు ఏ స్ప్రే కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రం కప్పవద్దు, వేడెక్కుతుంది.

ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలో శ్రుతి నిలబడడం లేదు. ఇదీ నాబ్ లోపమేనా?

చాలాసార్లు అవును. పొటెన్షియోమీటర్‌తో శ్రుతి సరిచేసే పెట్టెల్లో ఆ కంట్రోల్ విలువను బట్టే స్వరస్థాయి నిర్ణయమవుతుంది. వాల్యూమ్‌లో గరగరగా వినిపించే లోపమే ఇక్కడ శ్రుతి జారడంగా వినిపిస్తుంది. పాడేవారు తమ శ్రుతి ఒక్కటే వాడతారు కనుక, ఉదాహరణకు ఐదు శ్రుతి దగ్గర, పూత అక్కడే అరుగుతుంది. శుభ్రం చేసి చూసి, అదే చోట మళ్లీ జారితే కంట్రోల్ మార్పించండి. లోపల బోర్డు మీద ఉండే చిన్న ప్రీసెట్‌లను మాత్రం కదపవద్దు. అవి స్థాయి సరిచేయడానికి కర్మాగారంలో అమర్చినవి, పైగా కొద్ది వందల తిప్పుళ్లకు మించి తట్టుకునేలా చేసినవి కావు.

నాబ్ పట్టుకోగానే గుయ్‌మని హమ్ వస్తోంది, వదలగానే పోతోంది.

కంట్రోల్ రేకు డబ్బాకు గ్రౌండ్ తెగింది. ప్యానెల్ నట్టు వదులై ఉంటే బిగించండి, డబ్బాకు వేసిన గ్రౌండ్ వైరు ఊడి ఉంటే టంకం పెట్టండి. ప్లాస్టిక్ ప్యానెల్ ఉన్న సెట్లలో ఆ వైరు ఒక్కటే ఆధారం. పట్టుకున్నప్పుడు చేతికి జివ్వుమంటే మాత్రం అది వేరే సంగతి. వెంటనే ప్లగ్గు తీసి, ఎర్తింగ్‌ను, ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్ష చేయించండి.

తాతగారి వాల్వు రేడియో వాల్యూమ్ కంట్రోల్‌ను నేనే బాగుచేసుకోవచ్చా?

అనుభవం లేకపోతే వద్దు. వాల్వు సెట్లలో రెండు, మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది. కొన్నిటిలో ట్రాన్స్‌ఫార్మర్ లేక ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. పైగా ఆ కాలపు వాల్యూమ్ కంట్రోల్ వెనకనే ఆన్-ఆఫ్ స్విచ్ ఉండడం వల్ల, కార్బన్ కోసం కొట్టిన స్ప్రే 230 వోల్టుల స్విచ్‌లోకి కూడా చేరుతుంది. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి. స్విచ్‌తో కలిసి ఉన్న ఐదు వందల కిలో ఓమ్‌లు లేదా ఒక మెగా ఓమ్ కంట్రోల్ దొరకడం ఇప్పుడు కష్టం కనుక, పాతదాన్ని పారవేయకుండా విప్పి బాగుచేయమని అడగండి. కొత్తది వేయక తప్పకపోతే స్విచ్ భాగం మెయిన్స్ వోల్టేజికి తగినదా కాదా అని ముందే అడిగి తెలుసుకోండి, పాత కంట్రోల్‌ను కూడా తిరిగి తెచ్చుకుని రేడియో పెట్టెలోనే ఒక కవరులో ఉంచండి.